పసిబిడ్డల్లా ప్రార్థించమనే పాస్టరు గార్లకు



కన్వెన్షన్ వేదిక మీదైనా, ఇంటి కూడికలోనైనా, ఆసుపత్రి మంచం పక్కనైనా మీరు తరచూ అనే మాట ఒకటుంది. పసిబిడ్డలా నమ్మి అడగండి, దేవుడు ఇస్తాడు అని. ఆ మాటతో నాకు పేచీ లేదు. పసిబిడ్డల్లా రమ్మన్నది యేసు ప్రభువే. మనం దాన్ని వాడుతున్న తీరుతోనే నా పేచీ. ప్రశ్న వేసినవాణ్ణి కూర్చోబెట్టడానికి ఒకసారి వాడతాం. అడిగింది దొరకనివాళ్ళ నెత్తిన తప్పు రుద్దడానికి ఇంకోసారి వాడతాం. ఈ రెండో వాడకం ఈమధ్య మరీ ఎక్కువైంది. అందుకే ఈ ఉత్తరం.

నేను వేదాంత కళాశాలలో చదివినదాన్ని కాను. మా చర్చిలో చాలా ఏళ్ళుగా సండే స్కూలు చెబుతున్నాను, అంతే. గ్రీకు, హెబ్రీ నాకు రావు. పిల్లలు ఎలా ప్రార్థిస్తారో మాత్రం తెలుసు. మీరేమో అప్పటికి లోపల ప్రసంగం సిద్ధం చేసుకుంటూ ఉంటారు కాబట్టి, వినే అవకాశం మీకు తక్కువ.

ఐదేళ్ళవాడొకడు కళ్ళు మూసుకుంటాడు, పూర్తిగా మూయడు. "దేవా, మా గేదె ఈనింది. దూడ నల్లగా ఉంది. నాన్న రాత్రి మళ్ళీ తాగొచ్చాడు. నీకు మొన్న కూడా చెప్పాగా. అంతే." లేచి వెళ్ళి చాప మీద తన చోట కూలబడతాడు. ఆమేన్ మేమే అనుకోవాలి. ఆ ప్రార్థనలో స్తుతి లేదు, ఒప్పుకోలు లేదు, వాక్యం ఎత్తిపట్టడం అసలే లేదు. ఇంట్లో సంగతి మాత్రం ఉంది. తండ్రి తాగుడూ దూడ రంగూ ఒకే గొంతుతో చెప్పాడు వాడు. వింటున్నాయన రెండూ పట్టించుకుంటాడని వాడికి అనుమానం లేదు.

ఇంకో పిల్ల వాళ్ళ అవ్వ కాలినొప్పి తగ్గించమని వారం వారం అడిగేది. ఒక ఆదివారం విసుగొచ్చి, "ఎందుకు తగ్గించట్లేదు? మర్చిపోయావా?" అని గట్టిగానే అడిగేసింది. పక్కనున్న పెద్దావిడ, "తప్పమ్మా, దేవుణ్ణి అలా అనకూడదు" అని నోరు మూయించింది. మరుసటి వారం నుంచి ఆ పిల్ల అవ్వ సంగతే ఎత్తలేదు. "దేవా, అందరినీ దీవించు" అనడం మొదలుపెట్టింది. పెద్దావిడ చాలా సంతోషించింది.

పదేళ్ళు వచ్చేసరికి గొంతులే మారిపోతాయి. సర్వోన్నతుడవైన తండ్రీ, కృపాకనికరములు గల దేవా అని మొదలై, రెండు మాటలకొక "తండ్రీ" పడుతుంది. మీ ఊపిరి ఎక్కడ ఆగుతుందో వాళ్ళ ఊపిరీ అక్కడే ఆగుతుంది. ఇంట్లో గేదె చచ్చిపోయినా ఆ ప్రార్థనలో దానికి చోటుండదు. మనం వాళ్ళకు ప్రార్థన నేర్పామని అనుకుంటాం. నేర్పిందల్లా మన గొంతు.

లూకా సువార్త 18వ అధ్యాయాన్ని మనం ముక్కలు చేసి వేర్వేరు ఆదివారాల్లో బోధిస్తాం. విధవరాలూ అన్యాయస్థుడైన న్యాయాధిపతీ ఒక వారం, పరిసయ్యుడూ సుంకరీ ఒక వారం, చిన్నబిడ్డలు బాలల దినోత్సవం నాడు, ధనవంతుడైన అధికారి కానుకల ఆదివారం నాడు. ఒకసారి ఏకబిగిన చదివి చూడండి. న్యాయం జరిగేదాకా గడప వదలని ఆడమనిషి, తలెత్తి ఆకాశం వైపు చూడలేని పన్ను వసూలుదారు, అడగడానికి మాటలే రాని శిశువులు, అన్నీ ఉండి దిగులుగా వెళ్ళిపోయిన పెద్దమనిషి వరసగా వస్తారు. లూకా ఆ పిల్లల్ని ఈ వరసలో ఊరికే కూర్చోబెట్టలేదని నా నమ్మకం.

ఆ శిశువుల విశ్వాసం ఎంత? వాళ్ళు పట్టుదలగా నమ్మారా, సందేహాన్ని జయించారా, ముందే పొందుకున్నామని ప్రకటించారా? చంకనెత్తుకొచ్చినవాళ్ళు ఎత్తుకొచ్చారు, అంతే. వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు, వాళ్ళకంటూ సాక్ష్యమూ లేదు. దేవుని రాజ్యం అలాంటివాళ్ళదేనన్నాడు ప్రభువు. ఆ మాట విన్నాక, విశ్వాసాన్ని కండబలంలా కొలిచే అలవాటు మనకు ఎక్కడిది? అన్నట్టు, మార్కు సువార్త ప్రకారం ఆ రోజు ఆయన కోపగించుకున్నది బయటివాళ్ళ మీద కాదు, సొంత శిష్యుల మీద. కూటం క్రమంగా జరగాలని జనాన్ని సర్దుతున్నవాళ్ళ మీద. ఆ పని ఈ రోజు చేస్తున్నది మనమే.

విశ్వాసాన్ని అలా కొలవలేమని గెత్సేమనే తోటలో అయితే ఇంకా తేటగా కనబడుతుంది. ప్రభువు తండ్రిని పిలిచి, ఈ గిన్నె తప్పించమని అడిగాడు. అవే మాటలు మూడుసార్లు అడిగాడని మత్తయి రాశాడు. వ్యర్థంగా మాటలు వల్లించవద్దని కొండమీద నేర్పినవాడే ఇక్కడ చెప్పిందే చెప్పాడు. ప్రాణం విలవిల్లాడుతున్నప్పుడు ఎవరికైనా మాటలు అంతకన్నా ఎక్కువ రావు. గిన్నె తప్పలేదు. హెబ్రీ పత్రిక మాత్రం ఆయన కన్నీటి మొర ఆలకించబడిందనే అంటుంది. ఈ రెండూ కలిపి ఎలా నిజమో నాకైతే పిల్లలకు వివరించడం చేతకాదు. మీరు వివరించగలిగితే సంతోషమే, కానీ కూటం ముగించే తొందరలో రెండు నిమిషాల్లో తేల్చెయ్యకండి. నేను అడిగేది ఒకటే. అడిగింది దొరకకపోతే విశ్వాసలోపమని మీరన్నప్పుడు, గెత్సేమనేని ఎక్కడ దాచిపెడుతున్నారు?

మా చర్చిలో ఒక తల్లి ఉంది. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. బిడ్డకు రక్త క్యాన్సరు. మందులు ఇప్పించింది, ఉపవాసం ఉంది, ఎవరు చేయి పెట్టి ప్రార్థిస్తామంటే వాళ్ళ దగ్గరికల్లా బిడ్డను భుజానేసుకుని తిరిగింది. ఒక స్వస్థత కూటంలో బిడ్డను వేదిక ఎక్కించి, స్వస్థత జరిగిపోయిందని మైకులో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. కొన్ని నెలలకు బిడ్డ పోయింది. ఆదరణ కూడికకు వచ్చిన ప్రసంగీకుడు, ఇంట్లో ఎవరి విశ్వాసంలో లోపముందో పరీక్షించుకోవాలని హెచ్చరించి, భోజనం చేసి వెళ్ళాడు. ఆవిడ వడ్డించింది కూడా. వేదిక మీద స్వస్థత ప్రకటించినవాళ్ళను మాత్రం, ఆ ప్రకటన ఏమైందని అడిగినవాళ్ళు లేరు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం వీడిదా వీడి తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే యేసు ప్రభువు ఆ లెక్కనే కొట్టిపారేశాడు. యోబు స్నేహితులు ఆ లెక్కే పేజీల కొద్దీ వేశారు. చివర్లో దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీద? పుట్టిన రోజును శపించుకుని, వాదించి, నిలదీసిన యోబు మీద కాదు. దేవుణ్ణి వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల మీద. ఆదరణ కూడికలకు వెళ్ళేముందు ఆ ఆఖరి అధ్యాయం ఒకసారి చదువుకుని వెళితే మేలు.

మందుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నమ్మకం ఉంటే మాత్రలెందుకు అనే మాట వేదిక మీద నేరుగా అనేవాళ్ళు కొద్దిమందే. సాక్ష్యాల రూపంలో అది రోజూ వినబడుతుంది. ఫలానా సహోదరి మాత్రలు అవతల పారేసింది, దేవుడు బాగుచేశాడు అంటారు. వెనక వరసలో ఆ మాట వింటున్న తల్లి ఒడిలో టైప్ 1 షుగరున్న బిడ్డ ఉండొచ్చు. ఆ బిడ్డకు ఇన్సులిన్ ఆపేస్తే వారాలు పట్టదు, రోజుల్లోనే రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. మూర్ఛకు వాడే మాత్ర ఉన్నట్టుండి మానేసినా అంతే ప్రమాదం. క్షయ మందు మధ్యలో వదిలేస్తే జబ్బు ఆ మందుకు లొంగకుండా మొండికేస్తుంది. హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు పదిహేనేళ్ళ ఆయుష్షు ఇచ్చాడు. అదే కథలో యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు. ముద్ద కట్టినందుకు రాజు విశ్వాసం తగ్గిందని బైబిలు ఎక్కడా అనలేదు. ఎన్నో అద్భుతాలు చేసిన పౌలు కూడా త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే విడిచి రావలసివచ్చింది. తన ఒంట్లో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. గుంటూరు వాళ్ళకు డాక్టర్ అన్నా కూగ్లర్ గురించి చెప్పనక్కర్లేదు. 1883లో వచ్చిన ఆ లూథరన్ మిషనరీ డాక్టరు పేరుతో అక్కడ ఆసుపత్రి ఉంది. 1898లో ఆ ఆసుపత్రి తెరిచింది విశ్వాసం చాలకనా?

జార్జి ముల్లర్ కథ చెప్పని కన్వెన్షన్ ఉండదు. బ్రిస్టల్ నగరంలో అనాథ పిల్లలు ఖాళీ బల్లల ముందు కూర్చున్నారు, ఆయన కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పాడు, ఇంతలో రొట్టెతో తలుపు తట్టారు. అక్కడితో మన ప్రసంగం ఆగుతుంది. ఆయన 1836లో ఒక అద్దె ఇంట్లో మొదటి అనాథాశ్రమం తెరిచాడు. 1870 నాటికి ఆశ్లీ డౌన్ మీద ఐదు పెద్ద భవనాలు, రెండు వేల మందికి పైగా పిల్లలకు చోటు. ఎవరినీ డబ్బు అడగనని నియమం పెట్టుకున్నాడు, నిజమే. ఆయన పద్దులు రాసిన తీరు మాత్రం మనం చెప్పం. వచ్చిన ప్రతి చిన్న కానుకా, పెట్టిన ప్రతి ఖర్చూ లెక్కగట్టి ఏటేటా అచ్చువేసి జనం ముందు పెట్టేవాడు. మన సంఘాల్లో ఎన్ని అలా చేస్తున్నాయో మీకే తెలుసు. ఇంకోటి కూడా చెప్పం. ఆశ్రమం తెరవడానికి ముందటి ఏడు, 1835లో, ఆయన సొంత కొడుకు పసితనంలోనే ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. 1870లో భార్య మేరీ పోతే అంత్యక్రియల ప్రసంగం ఆయనే చేశాడు. ఊరి పిల్లలందరికీ రొట్టె దొరికిన ఆ ప్రార్థనా, కొడుకు దక్కని ప్రార్థనా ఒక్క మనిషివే. సగం కథ విన్నవాడు రొట్టె రాకపోతే దేవుణ్ణైనా వదిలేస్తాడు, తననైనా తిట్టుకుంటాడు.

ఆ మేరీకి అన్నగారైన ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంటే 1836లో బౌడెన్, బీర్ అనే రెండు జంటలు మన తీరానికి వచ్చాయి. నరసాపురంలో గోదావరి డెల్టా మిషన్ వేరూనింది అలాగే. బ్రదరెన్ సహవాసాల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ముల్లర్ పరాయివాడేమీ కాదు, ఒకరకంగా ఇంటి చుట్టం.

మన ఒంగోలు ప్రార్థన కొండ కథనూ ఇలాగే కుదించేశాం. 1854 జనవరి 1, తెల్లవారకముందే ఐదుగురు ఆ కొండెక్కారు. మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. పెద్దగా ఫలితం లేని ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో బాప్టిస్టులు అంతకుముందు ఏడాదే తర్జనభర్జన పడ్డారు. కొండమీద ఆ ఐదుగురూ ఒంగోలుకు ఒక మిషనరీని ఇమ్మని అడిగారు. తర్వాత మనం ఒక్క గంతులో 1878 జూలై 3కు వెళ్ళిపోతాం. ఆ ఒక్కరోజే గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. చప్పట్లు. మధ్యలో ఇరవై నాలుగేళ్ళున్నాయని ఎవరికీ గుర్తుండదు. వాళ్ళు అడిగిన మిషనరీ, క్లౌ దొర, ఒంగోలులో కాపురం పెట్టేసరికే పన్నెండేళ్ళు గడిచాయి. ఆ తర్వాత 1876-78 కరువు. దక్షిణాదిలో లక్షల మంది తిండిలేక చచ్చిపోయారు. వాళ్ళూ ప్రార్థించే ఉంటారు కదా. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి కల్పించాడు. కూడు కోసం మతం మార్చుకున్నారన్న మాట రాకూడదని, కరువు పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కొండ మీద ప్రార్థనకూ ఏటిలో బాప్తిస్మానికీ మధ్య గుంత తవ్విన చేతులున్నాయి, తట్ట మోసిన తలలున్నాయి. ఇదంతా చెబితే కథ బలం తగ్గుతుందని మీ భయం కావచ్చు. నాకైతే ఇలా చెబితేనే నమ్మబుద్ధవుతుంది.

కథోలిక గుళ్ళల్లో గులాబీలు పట్టుకుని నిలబడే చిన్న తెరేసమ్మను చూసే ఉంటారు. లిసియే పట్నపు సన్యాసిని, 1897లో క్షయతో పోయేనాటికి వయసు 24. దేవుడి ముందు పసిబిడ్డగా ఉండిపోవడమే తన దారి అని రాసుకుంది. ప్రార్థనలో కునుకు పట్టేస్తుందని బెంగపడలేదు, నిద్రపోతున్న పిల్లలన్నా అమ్మానాన్నలకు ముద్దే కదా అనుకుంది. అంత తేలిగ్గా ఉన్న మనిషికి చివరి ఏడాదిన్నరా పరలోకం ఉందో లేదో తెలియనంత చీకటి కమ్మింది. ఆ చీకటిలోనే ప్రార్థన సాగించింది. 1997లో పోపు రెండో జాన్ పాల్ ఆమెను సంఘ పండితుల వరసలో చేర్చాడు. ప్రొటెస్టెంట్లం కాబట్టి మనకు ఆ పిల్లతో పనిలేదనుకోవడం మన నష్టం.

131వ కీర్తనలో ఉన్న బిడ్డను కూడా మనం సరిగ్గా చూడం. మూడే వచనాల కీర్తన అది. తల్లి దగ్గర బిడ్డ ఉన్నట్టు నా ప్రాణం నా దగ్గర నిమ్మళంగా ఉందంటాడు కీర్తనకారుడు. కానీ ఆ బిడ్డ పాలు తాగుతున్న బిడ్డ కాదు, పాలు మాన్పించిన బిడ్డ. పాలు మాన్పించిన ఇల్లు చూసినవాళ్ళకు అదేమిటో తెలుసు. రొమ్ముకు వేపాకు ముద్ద పూస్తారు. బిడ్డ నోరు పెట్టి, ముఖం చిట్లించి, తల్లిని గుద్దుతాడు, రక్కుతాడు. రెండు మూడు రాత్రులు ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఎందుకు లేదన్నదో వాడికి ఎవరు చెప్పగలరు? ఆ తర్వాత ఎప్పుడో, పాలు దొరకవని తెలిసీ, అదే ఒడిలోకి వచ్చి పడుకుంటాడు. ఇప్పుడు వాడు వచ్చింది పాల కోసం కాదు, అమ్మ కోసం. పసిబిడ్డ నమ్మకమంటే నాకు అర్థమైనంతలో ఇదీ. ఇందులో గుద్దడం ఉంది, ఏడుపు ఉంది, కారణం తెలియకపోవడం ఉంది. మీ ప్రసంగాల్లో వినబడే బిడ్డ మాత్రం అడుగుతాడు, వెంటనే దొరుకుతుంది, స్తోత్రం అంటాడు. అలాంటి బిడ్డను నేనింతవరకూ ఏ ఇంట్లోనూ చూడలేదు.

మీ కష్టం నాకు తెలియంది కాదు. రోజుకు మూడిళ్ళు తిరిగి, ఎవరి కన్నీళ్ళు వాళ్ళవిగా విని, ఏదో ఒక ధైర్యం చెప్పక తప్పని ఉద్యోగం మీది. మౌనంగా కూర్చుంటే పాస్టరుగారికి అభిషేకం లేదంటారు. యూట్యూబులో ఇంకొకాయన ఇరవై ఒక్క రోజుల్లో అద్భుతమని హామీ ఇస్తుంటే మీ మందలో సగం అటు చూస్తుంటుంది. ఆ పోటీలో మీరు దిగొద్దనే ఈ ఉత్తరం.

వచ్చే వేసవిలో పిల్లలకు వి.బి.ఎస్., అంటే సెలవుల బైబిలు బడి, పెడతారు కదా. ముగింపు రోజు పిల్లలతో బట్టీపట్టించిన ప్రార్థన చెప్పించే బదులు, ఒక్కరిద్దరిని వాళ్ళ మాటల్లో చెప్పనివ్వండి. గేదె వచ్చినా, తాగుబోతు నాన్న వచ్చినా కంగారుపడి మైకు లాక్కోకండి. ఆ నాన్న ఆ రోజు వెనక నిలబడి ఉన్నా సరే. ఆరాధనలో స్తుతి కీర్తనలతో పాటు పదమూడో కీర్తననూ, ఎనభై ఎనిమిదో కీర్తననూ చదివించండి. ఎనభై ఎనిమిదోది చీకటితోనే ముగుస్తుంది, దానికి మీరు వెలుగు అతికించనక్కర్లేదు. స్వస్థత సాక్ష్యం చెప్పేవాళ్ళు మందులు మానేశామంటే, అక్కడికక్కడే మైకు తీసుకుని, డాక్టరు చెప్పేదాకా ఎవరూ మానకండి అనండి. ఆ ఒక్క వాక్యానికి మీ అభిషేకం ఎక్కడికీ పోదు. బిడ్డ బాగుపడిందని వేదిక మీద ప్రకటించినవాళ్ళు, బిడ్డ పోయాక అదే మైకులో ఆ తల్లికి క్షమాపణ చెప్పే రివాజు కూడా మొదలుకావాలి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. మీ సంఘంలోనూ అలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ప్రార్థించి ప్రార్థించి బిడ్డనో, భర్తనో పోగొట్టుకుని, పైగా నీ విశ్వాసమే చాల్లేదనిపించుకున్న ఇల్లు. ఈ వారమే వెళ్ళండి. బైబిలు సంచి మోటారు సైకిల్ మీదే ఉండనివ్వండి. ఆ బిడ్డ ఎలా ఉండేదో, ఏమేం మాట్లాడేదో ఆవిడ చెబితే వినండి. ప్రార్థన చేయమని అడిగితే చేయండి. అడగకపోతే టీ తాగి రండి.

ఇట్లు,
ఒక సండే స్కూలు టీచరు